రోడ్డు మీది పిల్లలకు ఈ సలహాలు ఇవ్వకండి

విజయవాడ స్టేషన్లో ఖాళీ నీళ్ళసీసాలు ఏరుకునే పదహారేళ్ళ కుర్రాడు ఎదురైతే, ఆగి ఓ సలహా చెప్పాలనిపిస్తుంది. మంచి మనసుతోనే చెబుతాం. కానీ మనం చెప్పేవాటిలో కొన్ని వాళ్ళ ప్రాణం మీదికి తెస్తాయి.

"ఇంటికి పోరా, అమ్మ బెంగపెట్టుకుని ఉంటుంది." అన్నిట్లోకీ చెడ్డది ఇదే. అమ్మ బెంగపెట్టుకునే ఉండొచ్చు. కానీ వాడు రైలెక్కింది తాగొచ్చి బెల్టు తీసే నాన్నకు భయపడో, హాస్టల్లో జరిగింది ఎవరికీ చెప్పుకోలేకో అయితే? టికెట్ కొనిచ్చి పంపితే మళ్ళీ పారిపోతాడు, ఈసారి ఇంకా దూరం. 2015 బాలల న్యాయ చట్టం కూడా నేరుగా ఇంటికి పంపెయ్యమనలేదు. 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్ళాలి, ఇంటి సంగతి విచారించాకే నిర్ణయం తీసుకోవాలి అంది.

"పగలంతా నిద్రేనా, పని చేసుకోవచ్చుగా!" రాత్రి కన్ను మూస్తే జేబులో డబ్బు పోతుంది, చెప్పులు పోతాయి. ఆడపిల్లకైతే అంతకు మించిన భయం. కాస్త కునుకు పడితే లాఠీ తట్టి లేపుతుంది. అందుకే తెల్లారాక పడుకుంటారు. పనీ చేస్తారు: పెళ్ళిళ్ళలో క్యాటరింగ్, హోటళ్ళలో గిన్నెలు తోమడం. ఆ కూలిని దాచుకునే చోటే ఉండదు.

"ఆధార్ తీసుకో." చిరునామా కాగితం ఎవరిస్తారు?

"ముందు వైట్‌నర్ పీల్చడం మానెయ్, తర్వాత చూద్దాం." ఆకలి, చలి, భయం మూడూ మరిచిపోవడానికి వాడికి దొరికింది వైట్‌నర్‌తో తడిపిన ఆ గుడ్డ ఒక్కటే. తిండి, పడక, నమ్మకమైన మనిషి లేకుండా అదెలా మానతాడు? ఈ షరతు పెట్టేవాళ్ళంటే నాకు కోపం.

పద్దెనిమిది నిండకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. వాళ్ళు వచ్చేదాకా పిల్లవాడి పక్కనే కూర్చోండి. నిండితే దారులు బాగా తగ్గిపోతాయి. సంరక్షణ గృహంలో ఉండి బయటికొచ్చినవాళ్ళకు 21 ఏళ్ళ దాకా తోడ్పడే వీలు అదే చట్టంలో ఉంది, కానీ ఏ గృహంలోనూ అడుగుపెట్టకుండా ఫుట్‌పాత్ మీదే పెరిగినవాడికి అదీ అందదు. కాబట్టి "ఎప్పుడైనా హోంలో ఉన్నావా?" అని అడగండి. ఉన్నానంటే జిల్లా బాలల సంరక్షణ విభాగానికి మీరే వెంటబెట్టుకుని వెళ్ళండి. అర్జీ రాసివ్వండి, రశీదు అడిగి తీసుకోండి.