లేని మనిషికి పుట్టినరోజు

మా బావమరిదికి బందరులో లడ్డు వ్యాపారం. శనగపిండి, బెల్లం పాకం, నెయ్యి, రోకలి, రెండు చేతులు. ఇన్నాళ్లూ వాడి పెట్టుబడి ఇంతే. 2017లో బందరు లడ్డుకి భౌగోళిక గుర్తింపు వచ్చిన దగ్గర్నుంచీ వాడికి తన గుర్తింపు గురించి బెంగ పట్టుకుంది. “లడ్డుకున్నపాటి కాగితం నాకు లేదు బావా, ప్రైవేట్ లిమిటెడ్ పెట్టేద్దాం” అన్నాడు. కనీసం ఇద్దరు డైరెక్టర్లు ఉండాలన్నారు కాబట్టి నాగాయలంకలో రొయ్యల చెరువులున్న మా తోడల్లుడిని కూడా ముగ్గులోకి దింపాం.

గుడివాడ ఆడిటర్‌గారు ముందుగా తత్వం బోధించారు. “చట్టం దృష్టిలో కంపెనీ కూడా మనిషేనండీ. కాకపోతే కృత్రిమ వ్యక్తి. డైరెక్టర్లు పోయినా అది పోదు.” చిలకలపూడి గొలుసులాంటి మనిషన్నమాట. అసలుది కాదని అందరికీ తెలుసు, అయినా పెళ్లికి పనికొస్తుంది.

ఆ మనిషిని పుట్టించే ఫారం పేరు స్పైస్ ప్లస్. లడ్డులో మసాలా ఏమిటని మావాడికి అనుమానం. ఒక్క దరఖాస్తుతోనే రిజిస్ట్రేషన్, పాన్, టాన్, పీఎఫ్, ఈఎస్ఐ అన్నీ అయిపోతాయట. అధీకృత మూలధనం 15 లక్షలు దాటకపోతే రిజిస్ట్రేషన్ ఫీజు కూడా లేదట. ఈ సుఖమంతా పుట్టబోయేదానికి. పురిటి నొప్పులు మాత్రం బతికున్నవాళ్లవి.

మావాడి పేరు ఆధార్‌లో పొడి అక్షరంతో మొదలవుతుంది. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, కానీ చివర. పదో తరగతి సర్టిఫికెట్‌లో ముందే ఉంది గానీ ఒక ‘హెచ్’ ఎక్కువ. మన వైపు ఇంటిపేరు తెలియందే మంచినీళ్లు కూడా ఇవ్వరు. ఫారంలో దాన్ని చిట్టచివరి గడిలో నిలబెట్టారు. డిజిటల్ సిగ్నేచర్ కోసం ఫోన్ వీడియోలో పేరు చెప్పమంటే, “ఏది చెప్పమంటారండీ?” అన్నాడు పాపం. ఆ వీడియో చెల్లలేదు.

తోడల్లుడిగారి పేరు బాగానే ఉంది, పుట్టినరోజే తేలలేదు. వాళ్లింట్లో వయసులన్నీ 1977 నవంబరు 19కి ముందా, తరవాతా అన్న లెక్కే. పాత కాగితాలు ఆ రోజు వచ్చిన ఉప్పెన పట్టుకుపోయింది. బళ్లో చేర్చుకునేటప్పుడు హెడ్‌మాస్టరుగారు వేసిన తేదీయే ఆయన జన్మనక్షత్రం.

ఇక కంపెనీకి పేరు. రెండు పేర్లు రాసి పంపితే రెండూ ఉన్న కంపెనీల పేర్లకు దగ్గరగా ఉన్నాయని తిరిగొచ్చాయి. మనం పుట్టినవాడికి తాత పేరు పెట్టి మురిసిపోతాం. ఇక్కడ ఎవరి పోలికా రాకూడదట.

తాతగారి మాట ఎలాగూ వచ్చింది. రిజిస్టర్డ్ ఆఫీసు రుజువుగా రెండు నెలలు దాటని కరెంటు బిల్లు కావాలన్నారు. మీటరు మావాడి తాతగారి పేరు మీదే ఉంది. ఆయన పోయి పాతికేళ్లు, బిల్లు మాత్రం నెలనెలా కడుతూనే ఉన్నారు. యజమానిగా అభ్యంతరం లేదని రాసివ్వాలట. ఆయనకు అభ్యంతరం ఉండదనే మా అందరి నమ్మకం, సంతకం దగ్గరే చిక్కు. వారసులు రాసివ్వవచ్చన్నారు. వారసుల్లో ఒకాయన డాలస్‌లో ఉన్నాడు. ఇంకొకాయన పక్కవీధిలోనే ఉన్నాడు గానీ మాటల్లేవు. డాలస్ సంతకం ముందొచ్చింది.

ఈ ఊరికి కంపెనీలు కొత్తా? 1600 డిసెంబరు 31న లండన్‌లో రాణిగారు సన్నదు రాసిచ్చారు, 1611లో ఆ ఈస్టిండియా వాళ్లు బందరులో దిగారు. కరెంటు బిల్లు ఎవరడిగారు? వ్యాపారం చేసుకుంటామని వచ్చి శిస్తులు వసూలు చేసుకున్నారు. మావాడు లడ్డుతోపాటు ఎప్పుడైనా ఆవకాయ అమ్మాలనుకుంటే ఆ ముక్క ఇప్పుడే ఆబ్జెక్ట్స్ క్లాజులో రాయాలని ఆడిటర్‌గారి పట్టు. దేశాన్ని ఏలాలనుకుంటే ఏం రాయాలో మేం అడగలేదు.

డాక్టరు పట్టాభి సీతారామయ్యగారు ఇదే బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 1923 నవంబరు 20న రిజిస్టరైంది, 28న వ్యాపారం మొదలైంది. ఆంధ్ర రాష్ట్రం ఇంకా 30 ఏళ్ల దూరంలో ఉంది, కాబట్టి పేరు దగ్గర పోలిక గొడవ లేదు. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కృత్రిమ వ్యక్తికి చావు లేదన్న ఆడిటర్‌గారికి నేనీ సంగతి గుర్తుచేయలేదు, ఫీజు పెంచుతారని.

మొత్తానికి సర్టిఫికెట్ వచ్చింది. ఆ బ్యాంకులాగే ఎనిమిది రోజుల్లో కొట్టు తెరుద్దామని మావాడు కొబ్బరికాయ తెచ్చాడు. ఆగమన్నారు. వాటాల డబ్బు జమైందని 180 రోజుల్లోగా ఇంకో ఫారం పెట్టాలి, అది పెట్టేదాకా కంపెనీ వ్యాపారం మొదలెట్టకూడదు. అందాకా లడ్డు పాత మనిషే అమ్ముతాడు, ఆధార్‌లో పొడి అక్షరమున్నవాడు.

చట్టప్రకారం తెలుగులో కూడా రాయించిన బోర్డు గుమ్మానికి కట్టిన రోజునే, కంపెనీ పేరున పాన్ కార్డు పోస్టులో వచ్చింది. అక్షరం పొల్లు పోలేదు. కాసేపటికి తాతగారి పేరున కరెంటు బిల్లు వచ్చింది. మా అత్తగారు రెండూ అందుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

“మా మామగారికొకటి, దీనికొకటి. ఇంట్లో ఇంతమందిమి ఉన్నాం, కాగితాలు మాత్రం లేనివాళ్లకే వస్తాయేమిట్రా?” అంటూ లోపలికి వెళ్లారు.