పాతచిత్ర మీమాంస

బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్న్యాసం అని ధర్మశాస్త్రాలు ఆశ్రమాలను నాలుగుగా విభజించి ఊరుకున్నాయి గానీ, తెలుగు మధ్యతరగతి పురుషుడు గార్హస్థ్యం పూర్తికాకముందే, వానప్రస్థానికి మనసొప్పక, నడుమ కాలం గడిపే అయిదో ఆశ్రమం ఒకటుందన్న సంగతి వాటి దృష్టికి రాలేదు. పిల్లల ఫీజులు తీరి, ఇంటి అప్పు తీరక, షుగరుకు మొదటి మాత్ర మొదలైన వయసులో, మిత్రులు నలుగురైదుగురు శనివారం రాత్రి ఒకరి ఇంట్లో చేరి, లెక్కలేనన్నిసార్లు చూసిన సినిమాను మళ్లీ పెట్టుకుని, దాన్ని చూడకుండా వాదించుకునే ఈ వ్యవస్థకు ఇంతవరకు ఎవరూ నామకరణం చేయలేదు కనుక, పాతచిత్ర మీమాంస అని పిలుచుకోవచ్చు. మీమాంస అంటే పూర్వం వేదవాక్యాల అర్థాన్ని నిర్ణయించే శాస్త్రం; ఇక్కడ వేదం స్థానంలో విజయా వారి చిత్రాలుంటాయి, నిర్ణయం మాత్రం ఉండదు.

ఈ శాస్త్రంలో మొట్టమొదటి చిక్కు 'పాత' అన్న దాని సరిహద్దు ఎక్కడ అన్నది. సభలో పెద్దవాడైన విశ్రాంత బ్యాంకు అధికారి లెక్కలో తెలుగు సినిమా 1962లో 'గుండమ్మ కథ'తో ముగిసింది. ఆయనకంటే చిన్నవాడైన లెక్చరరు 1980 నాటి 'శంకరాభరణం' వరకు గడువు పొడిగిస్తాడు. అందరికంటే చిన్నవాడు, అంటే కళ్లజోడు ఇంకా చదవడానికి మాత్రమే వాడేవాడు, 1989లో 'శివ' కోసం నాగార్జున సైకిల్ చెయిన్ లాగిన క్షణంలోనే తెలుగు సినిమా పుట్టిందని నమ్ముతాడు. మొదటివాడికి అంత్యమైనది మూడోవాడికి ఆరంభం కూడా కాదు. ఈ మూడు తేదీలనూ ముగ్గురి విద్యార్హత పత్రాల పక్కన పెట్టి చూస్తే, ప్రతివాడి స్వర్ణయుగమూ వాడు టికెట్టు డబ్బుల కోసం ఇంట్లో అబద్ధమాడిన చివరి సంవత్సరంతో సరిపోతుందని తెలుస్తుంది గానీ, అలాంటి పోలిక పెట్టడం సభామర్యాద కాదు.

ఒక విషయం నిజమని తెలుసుకునే సాధనాన్ని ప్రమాణం అంటారు. న్యాయశాస్త్రం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలను అంగీకరించి, కళ్లెదుట కనిపించే ప్రత్యక్షానికి అగ్రస్థానమిచ్చింది. పాతచిత్ర మీమాంసలో ఈ క్రమం తలకిందులైంది. తెరమీద ఏం జరుగుతున్నదన్నది ఇక్కడ అత్యంత బలహీనమైన సాక్ష్యం. శబ్దప్రమాణం, అంటే నమ్మదగినవాడు చెప్పిన మాట, అన్నిటికంటే బలమైనది. ఆ నమ్మదగినవాడు సాధారణంగా, మద్రాసు వడపళనిలో వాహినీ స్టూడియో కళకళలాడిన రోజుల్లో అక్కడ సెట్లు కొట్టిన వడ్రంగికి వేలువిడిచిన మేనమామ అయి ఉంటాడు. 'దేవదాసు' (1953)లో తాగుబోతు కళ్లు సహజంగా కనిపించడానికి నాగేశ్వరరావు కడుపునిండా పెరుగన్నం తిని, ఆ నిద్రమత్తుతోనే రాత్రి చిత్రీకరణకు వచ్చేవారన్న కథ తెలుగునాట వినని చెవి లేదు. ఈ సభల్లో ఆ పెరుగన్నం గిన్నె ఏటికేడు పెరిగి ఇప్పటికి గంగాళమయింది. ఆ గంగాళాన్ని ఎవరైనా శంకించబోతే, 'నీకేం తెలుసురా, మా మావయ్య కళ్లారా చూశాడు' అన్న మాట వస్తుంది, దానికి పైకోర్టు లేదు.

'మాయాబజార్' దగ్గర ఈ శాస్త్రం పరాకాష్ఠకు చేరుతుంది. కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957లో వచ్చిన ఈ చిత్రాన్ని 2010లో రంగులద్ది మళ్లీ విడుదల చేసిన నాటినుంచి మీమాంసకులు రెండు శాఖలుగా చీలారు. నలుపు తెలుపుల శాఖవారి వాదం ప్రకారం మార్కస్ బార్ట్లీ కెమెరాతో కాయించిన వెన్నెలకు రంగు వేయడం మహాపరాధం. ఆ వెన్నెలను గురించి గద్గదస్వరంతో మాట్లాడే పెద్దమనిషి అయిదు నిమిషాల క్రితమే టీవీలో బొమ్మ మసకగా ఉందని రిమోటు తీసుకుని వెలుతురంతా పెంచి, పడవ మీది రాత్రిని మధ్యాహ్నం చేసి కూర్చున్నాడు. రంగుల శాఖవారి పట్టుదల ఇంతకంటే విచిత్రమైనది: శశిరేఖ చీరె అసలు ఆ రంగు కాదని వారు ఆక్షేపిస్తారు. అసలు రంగు ఏదో తెలిసే అవకాశం కెమెరాకే లేనప్పుడు వీరికి ఎలా తెలిసిందని అడిగితే, తెలుస్తుందని జవాబు.

సభలో డాలస్ నుంచి ఫోనులో పాల్గొనే మిత్రుడొకడు ఉంటాడు. ఇక్కడి శనివారం రాత్రి అతనికి శనివారం పొద్దుట కావడం వల్ల, స్టీలు గ్లాసుకు ఆనించి నిలబెట్టిన ఫోనులో అతడు పళ్లు తోముకుంటూ కనిపిస్తాడు. మాట చేరడానికి పట్టే రెండు మూడు క్షణాల ఆలస్యం వల్ల రేలంగి హాస్యానికి అతడు నవ్వే వేళకు ఇక్కడి తెరమీద గుమ్మడి గంభీరంగా మాట్లాడుతుంటారు; బలరాముడిని చూసి నవ్వాడన్న నింద అతనిమీద అలా స్థిరపడిపోయింది.

'మాయాబజార్'లో ప్రియదర్శిని అనే పెట్టె ఒకటి వస్తుంది. మూత తెరిచి చూసినవారికి వారికి అత్యంత ప్రియమైనది అందులో కనిపించడం దాని మహిమ. శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. కె.వి. రెడ్డి ఆనాడే వీడియోకాల్ కనిపెట్టాడన్న సిద్ధాంతం ప్రతి సభలోనూ ఒకరు ప్రతిపాదిస్తారు, తామే మొదటిసారి ప్రతిపాదిస్తున్నామని కూడా నమ్ముతారు. గోడకు తగిలించిన యాభై అయిదు అంగుళాల టీవీ ఆ సాయంత్రం చేస్తున్న పని అచ్చంగా ప్రియదర్శిని పనే అన్నది మాత్రం ఎవరికీ తట్టదు: బ్యాంకు అధికారికి అందులో రామారావు, లెక్చరరుకు పింగళి నాగేంద్రరావు, మూడోవాడికి తన తాతగారు కనిపిస్తుండగా, తెరమీది 'మాయాబజార్' ఎవరికీ పట్టక తనపాటికి తాను నడుస్తుంటుంది. అదే చిత్రం చివర సత్యపీఠమని ఇంకొక వస్తువు ఉంది; దానిమీద కాలు పెట్టినవాడు నిజం కక్కుతాడు, శకుని కక్కాడు. ఈ సభల్లో ఆ ఘట్టం చూసినట్టు దాఖలాలు తక్కువ. రిమోటు మీద ఆపే మీట ఒకటున్నది కనుక, ప్రతి వాదానికీ సినిమాను ఆపడం ఆచారమయింది. బ్యాటరీల మూత పోయి రబ్బరుబ్యాండు చుట్టిన ఆ రిమోటును ఎవరు పట్టుకుంటే వారే అధ్యక్షులు. మూడు గంటలకు పైబడిన చిత్రంలో ఘటోత్కచుడు పెళ్లివిందు ఆరగించే దృశ్యానికి వచ్చేసరికి రాత్రి పదకొండవుతుంది, అందరికీ ఆకలి గుర్తుకొస్తుంది. ఎస్.వి. రంగారావు లడ్డూల మీద చెయ్యి వేసిన చోట బొమ్మ ఆగిపోతుంది. ఏళ్ల తరబడి 'మాయాబజార్' మీద సాధికారంగా మాట్లాడుతున్న వీరిలో కొందరికి శకుని ఇంకా పట్టుబడనే లేదు.

'గుండమ్మ కథ' సభ కొంత వివరంగా పరిశీలించదగినది. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించిన ఈ చిత్రం రామారావుకు 100వదిగా, నాగేశ్వరరావుకు 99వదిగా లెక్కకు వస్తుంది. టైటిల్సులో ముఖ్య నటుల పేర్లు వేయకుండా బొమ్మలు మాత్రమే చూపించారు. ఇద్దరు అగ్రనటుల్లో ఎవరి పేరు ముందు వేయాలన్న తగవు రాకుండా నిర్మాతలు చేసిన తెలివైన పని ఇదని మీమాంసకులు ఏకకంఠంతో మెచ్చుకుంటారు, మెచ్చుకున్న మరుక్షణం ఎవరి బొమ్మ ముందొచ్చిందో చూడడానికి సినిమాను వెనక్కి తిప్పుతారు. నిర్మాతలు 1962లో తప్పించుకున్న తగవు ఈ విధంగా కూకట్‌పల్లిలో మూడో అంతస్తులో ప్రతి ఏడాదీ జరుగుతున్నది.

ఆ తర్వాత కన్నీళ్ల ఘట్టం. సవతి కూతురు లక్ష్మిగా సావిత్రి అంట్లు తోమి, నీళ్లు మోసి, ఇంటిచాకిరీ అంతా చేస్తుంటే, సూర్యకాంతం గుండమ్మగా కాలుమీద కాలు వేసుకుని పురమాయిస్తుంటే, సభలోని మగవారి గుండెలు నీరవుతాయి. 'ఎంత చాకిరీరా ఆ పిల్లకి' అని బ్యాంకు అధికారి కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. తుడుచుకుంటూనే వంటింటివైపు తిరిగి, 'అమ్మా చెల్లెమ్మా, ఇంకో రౌండు కాఫీ పడితే బావుంటుంది, పంచదార లేకుండా' అంటాడు. చెల్లెమ్మ, అంటే ఆ ఇంటి ఇల్లాలు, అప్పటికి రెండు విడతల కాఫీ, ఒక విడత జంతికలు పంపి, గారెలకు మినప్పప్పు గ్రైండరులో వేసి ఉంటుంది. సరిగ్గా ఆ వేళకే, పనివాడు అంజిగా మారువేషంలో ఉన్న రామారావు నిక్కరుతో రుబ్బురోలు దగ్గర కూర్చుని, మహిళాలోకం నిద్రలేచిందని ఘంటసాల గొంతుతో చాటే పాట మొదలవుతుంది. పింగళి రాసిన ఆ పాటను మీమాంసకులు స్త్రీజనాభ్యుదయానికి తెలుగు సినిమా చేసిన మహోపకారంగా పరిగణిస్తారు. పరిగణిస్తుండగా గ్రైండరు చప్పుడు అడ్డొచ్చింది. 'వదినగారూ, ఆ గ్రైండరు ఒక్క అయిదు నిమిషాలు ఆపుతారా, ఘంటసాల వినబడ్డం లేదు' అని లెక్చరరు అడిగాడు. అభ్యుదయాన్ని గురించిన పాట కనుక వినయంగానే అడిగాడు.

ఆవిడ గ్రైండరు ఆపి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడి, ఆ సాయంత్రం మొదటిసారి తెరవైపు చూసి, 'అన్నయ్యగారూ, ఆ పాటలో రోలు తిప్పుతున్నది ఎవరండీ?' అని అడిగింది.

ప్రశ్నకు జవాబు తెరమీదే ఉన్నది. కానీ ప్రత్యక్షం బలహీన ప్రమాణమని ముందే చెప్పుకున్నాము. సభ కొంతసేపు గళం సవరించుకుని, తర్వాత ఒక సిద్ధాంతం చేసింది: అంజి నిజానికి పనివాడు కాదు, జమీందారు గారి పెద్దబ్బాయి, పెళ్లి కోసం వేషం వేసుకుని వచ్చాడు; కాబట్టి ఆ రుబ్బడం నటనలో నటనే తప్ప రుబ్బడం కాదు. పురుషుడు రోలు దగ్గర కూర్చోవడానికి మారువేషం ఒక్కటే శాస్త్రసమ్మతమైన కారణమని దీని తాత్పర్యం. డాలస్ మిత్రుడు తమ ఇంట్లో గిన్నెలు తానే కడుగుతానని చెప్పబోయాడు గానీ, ఆలస్యం వల్ల ఆ మాట పాట అయిపోయాక వచ్చింది, పైగా అమెరికాలో ఉండడం కూడా ఒక రకం వేషమేనని సభ దాన్ని తోసిపుచ్చింది. గారెలు ఎందుకు ఆలస్యమవుతున్నాయన్న ప్రశ్న ఆ తర్వాత చాలాసేపు సభను వేధించింది. గ్రైండరు ఆపించినందువల్ల అన్న హేతువు ఎవరికీ స్ఫురించలేదు.

ఇళ్లలో జరిగే ఈ మీమాంసకు సినిమాహాళ్లలో జరిగే రీరిలీజు, అంటే పాత చిత్రాన్ని 4కె నాణ్యతకు శుభ్రం చేసి మళ్లీ విడుదల చేయడం, కొత్త ఊపు తెచ్చింది. మహేశ్‌బాబు పుట్టినరోజుకు 2022 ఆగస్టులో 'పోకిరి'తో ఊపందుకున్న ఈ ఆచారం, తొలి విడుదలలో 2010లో చతికిలబడిన 'ఆరెంజ్', 'ఖలేజా'లకు వరుసగా 2023లో, 2025లో హాళ్లు నింపింది. అప్పట్లో ఇంటర్వెల్‌కే లేచి వచ్చి క్యాంటీన్ దగ్గర దర్శకుణ్ని తిట్టినవారు ఇప్పుడు వాటిని 'కాలం కంటే ముందొచ్చిన సినిమాలు' అంటున్నారు. ఈ సూత్రంలో సౌకర్యం చాలా ఉంది. సినిమా ముందు వచ్చిందంటే తాము వెనకబడ్డామని ఒప్పుకోనక్కర లేకుండా తప్పు కాలం మీదికి పోతుంది.

'జగదేకవీరుడు అతిలోకసుందరి' సంగతి వేరు. అది 1990 మే 9న కోస్తాను తుపాను ముంచెత్తుతుండగా విడుదలై కూడా విజయం సాధించింది. 35 ఏళ్లకు అదే తేదీన మళ్లీ విడుదలైనప్పుడు, మోకాలి లోతు నీళ్లలో నడిచి మొదటిరోజు మొదటి ఆట చూశామని సాక్ష్యం చెప్పినవారి సంఖ్యను బట్టి చూస్తే, ఆ రోజు కోస్తాలో వరద సహాయక చర్యలకు మనిషి అన్నవాడు దొరికి ఉండడు. ప్రతివాడి కథలోనూ నీళ్లు వాడి మోకాలి దగ్గరే ఆగాయి. పొట్టివాళ్లకూ అంతే, పొడుగువాళ్లకూ అంతే.

ఇన్ని వాదాలు జరిగినా సభలో ఏ ఒక్కరూ అభిప్రాయం మార్చుకున్న దాఖలా లేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నవాడు నాలుగో కాలు చేతికిచ్చినా తోక అంటాడు. ఇది శాస్త్రానికి లోపమేమీ కాదు. ఒక్క వాదమైనా తేలిపోతే ఆ శనివారం ఖాళీ అవుతుందని, ఖాళీ అయితే ఇంట్లో పప్పు రుబ్బే పని ఎవరైనా చెప్పవచ్చునని మీమాంసకులందరికీ లోలోపల తెలుసు. పదకొండున్నరకు గారెలు వచ్చాయి, పన్నెండుకు సభ ముగిసింది, గుండమ్మకు బుద్ధి వచ్చిందో లేదో చూడకుండానే టీవీ కట్టేశారు. వచ్చే శనివారానికి ఎల్.వి. ప్రసాద్ తీసిన 'మిస్సమ్మ' (1955) అని ఏకగ్రీవంగా తీర్మానించుకుని లేచారు గానీ, మిస్సమ్మ వేషానికి మొదట తీసుకున్న భానుమతినే ఉంచి ఉంటే సావిత్రి గతి ఏమయ్యేదన్న చర్చ లిఫ్టు దగ్గరే మొదలై, తలుపులు మూసుకోకుండా ఒకరు మీట నొక్కి పట్టుకోవడంతో, రెండో అంతస్తు వారు మెట్లమీదుగా పైకి వచ్చి టైమెంతయిందో తెలుసా అని అడిగేదాకా సాగింది.