షేకు గీస్తే సరే, మేం గీస్తే చేదు!

ఈమధ్య అరకు వచ్చే మైదానం వాళ్ల మాటలు వింటే ఒళ్లు మండుతోంది. హోమ్‌స్టే వరండాలో కూర్చుని మా కాఫీయే తాగుతూ, "ఇంత మంచి చోట ఎకరం కొందామంటే, గిరిజనుల ప్రాంతంలో బయటివాళ్లు భూమి కొనకూడదనే ఈ 1/70 చట్టం ఒకటి అడ్డం మాస్టారూ" అని నాతోనే సణుగుడు! ఆ నోటితోనే దుబాయ్‌లో ఫ్లాటు బుక్ చేశామన్న గొప్ప. పైగా అక్కడ రూల్సు భలే పక్కాగా ఉంటాయట.

ఏమిటయ్యా ఆ రూల్సు? 2002 దాకా అక్కడ పరాయి దేశస్థుడికి సొంతంగా గజం జాగా దక్కేది కాదు. ఆ ఏడు అప్పటి దుబాయ్ యువరాజు షేక్ మహమ్మద్ తలుపు తీశాడు. 2006లో 7వ నంబరు చట్టం వచ్చింది. అయినా ఊరంతా కాదు, పాలకుడు గీత గీసిన పేటల్లోనే: మెరీనా, పామ్ జుమేరా, అలాంటివి. ఎక్కడైనా కొనే హక్కు ఎమిరాతీలకీ, ఇరుగుపొరుగు గల్ఫ్ దేశాల వాళ్లకే. రిజిస్ట్రేషన్ ఫీజు 4 శాతం. 20 లక్షల దిర్హాముల ఆస్తి కొంటే గోల్డెన్ వీసా, అదీ పదేళ్లకే. ఇటు నుంచి డబ్బు పంపాలన్నా మనిషికి ఏడాదికి 2.5 లక్షల డాలర్లు మించకూడదని రిజర్వు బ్యాంకు గీత ఇంకోటి. అన్నిటికీ తలూపి సంతకం పెట్టి వస్తారు. షేకు గారిని ఒక్కడూ "ఇదేం అన్యాయం" అనడు.

మా రోజుల్లో ఫ్లాట్లూ బుకింగులూ ఎక్కడివి? సంతలో షావుకారు ఉప్పూ బట్టా అప్పిచ్చేవాడు. వడ్డీ పెరిగేది. కాగితం మీద వేలిముద్ర పడేది. మరుసటి ఏడు మా పొలంలో మేమే కూలీలం. అడ్డుకోవడానికి మద్రాసు సర్కారు 1917లోనే చట్టం చేసింది, 1959లో రెగ్యులేషన్ వచ్చింది. వాటి సందుల్లోంచి దూరడం షావుకార్లకు నేర్పాలా? 1970 ఫిబ్రవరిలో 1/70 వచ్చాకే కాస్త ఊపిరాడింది. గిరిజనేతరుడు గిరిజనులమైన మా దగ్గరే కాదు, ఏజెన్సీ అనే ఈ గిరిజన ప్రాంతంలో మరో గిరిజనేతరుడి దగ్గర కూడా కొనకూడదు. అతని చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడిదేనని లెక్క, కాదని రుజువు చేసుకోవలసింది అతనే. ఆనాటి దొరల్లో ఇంత గట్టిగా రాసినవాడు ఎవడో గాని, చేతులెత్తి దణ్ణం పెట్టాలి. బొర్రా పక్క గనుల గొడవ మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు అయితే సర్కారునూ వదల్లేదు. ఏజెన్సీలో ప్రైవేటు కంపెనీలకు గనులు లీజుకిచ్చే అధికారం నీకూ లేదు పొమ్మంది.

అలాగని దొడ్డిదారులు మూతపడ్డాయా? ఇప్పటికీ మావాడి పేరు మీద పట్టా, అనుభవమంతా పట్నం బాబుది. గల్ఫ్‌లోనూ చాలాకాలం కంపెనీలో 51 శాతం వాటా అక్కడివాడి పేరునే ఉండాలనేవారు. తేడా ఏమిటంటే, అక్కడ పేరిచ్చినవాడు ఏటా దండిగా పుచ్చుకునేవాడు. మావాడికి దక్కేది వాచ్‌మన్ ఉద్యోగం.

షేకు అమ్మింది ఎవడూ దున్నని ఇసుక. సముద్రంలో దీవి పోయించి మరీ అమ్మాడు. మాది రాగులూ సామలూ పండే నేల, పోతే మళ్లీ పోయించలేం. 2025లో టూరిజం కోసం 1/70ని సవరించాలని శాసనసభ స్పీకరు గారన్నారని ఏజెన్సీ అంతా బంద్ చేశాం. ముఖ్యమంత్రి దిగొచ్చి, మార్చేది లేదన్నారు. ఆ బంద్‌కు బస్సులు లేక మా హోమ్‌స్టే అతిథులు చిక్కుకుపోయి నన్నే తిట్టుకున్నారు. తిట్టుకోనీ!

ఇక మా ఊరి కుర్రాడి సంగతి. డిగ్రీ చదివాడు, విశాఖలో ఒక ఆఫీసులో కూర్చుని ఫోన్ల మీద దుబాయ్ ఫ్లాట్లు అమ్ముతున్నాడు. మొన్న నాకే ఫోను: "తాతా, మీ దగ్గరికొచ్చే టూరిస్టుల నంబర్లుంటే కొంచెం పంపు. ఇక్కడ భూమి దొరకలేదని ఏడ్చేవాళ్లయితే ఇంకా మంచిది, వాళ్లు తొందరగా కొంటారు."