ముహూర్తబలం

మా బావమరిది పాత లాప్‌టాప్‌లకు పునర్జన్మ ఇచ్చే వ్యసనపరుడు. నా చేత 2012 నాటి సెకండ్ హ్యాండ్ మ్యాక్‌బుక్ ప్రో కొనిపించాడు. "డీవీడీ పెట్టుకోవచ్చు బావా, ర్యామ్ మనమే మార్చుకోవచ్చు. ఇప్పుడొచ్చేవాటిలో ఆ సుఖమేది?" అన్నాడు. మాట నిజమే. ఆ పదమూడంగుళాల మోడల్‌ను యాపిల్ 2016 దాకా అమ్మింది.

ఆన్ చేయగానే ఎవరిదో నిశ్చితార్థం ఫొటో నవ్వుతూ పాస్‌వర్డ్ అడిగింది. పరాయి పెళ్లికూతురి ఎదుట అదీ ఇదీ కొట్టి చూడడం మర్యాద కాదు గనుక మొత్తం తుడిచేద్దామనుకున్నాం. కమాండ్, ఆర్ మీటలు నొక్కిపట్టి రికవరీలోకి వెళ్లాం. డిస్క్ తుడవడం చిటికెలో అయిపోయింది. ఓఎస్ మళ్లీ ఎక్కించమంటే మాత్రం రికవరీ సర్వర్ దొరకడం లేదంది. వైఫై నిక్షేపంగా ఉంది.

వాడు టెర్మినల్ తెరిచి తేదీ అడిగాడు. "బావా, ఇది 2001 జనవరి 1లో ఉంది!"

బ్యాటరీ పూర్తిగా చచ్చి మూలన పడి ఉంటే గడియారం అక్కడికి జారిపోతుందట. సర్వర్ తన ధ్రువపత్రం చూపిస్తే, ఇంకా పుట్టని పత్రం నాకొద్దని మ్యాక్ తిప్పికొడుతోంది. ఆ మాటకొస్తే మ్యాక్ ఓఎస్ టెన్ తొలి వెర్షన్ చీతా బయటికొచ్చిందే 2001 మార్చిలో. తనలోకి ఎక్కాల్సిన వంశానికి మూలపురుషుడు పుట్టకముందే కూర్చుని ఉంది పాపం.

ఇవాళ్టి తేదీ పెట్టాం. నెట్ నత్తనడక నడుస్తోందని వాడు తన పెన్‌డ్రైవ్‌లోని మ్యాక్ ఓఎస్ పాత వెర్షన్ ఎల్ క్యాపిటన్ తగిలించాడు. ఈ ఇన్‌స్టాలర్ పాడైపోయిందంది మ్యాక్. పాడవలేదు. అందులోని ధ్రువపత్రం గడువు 2019 అక్టోబరు 24న తీరిపోయిందంతే. యాపిల్ తర్వాత కొత్త పత్రాలతో మళ్లీ ఇచ్చింది గానీ వీడిది అంతకుముందు దాచుకున్నది. గడువు దాటిందని చెప్పడానికి నోరు రాక, సరుకు మీద నింద వేయడమేమిటో!

పెళ్లి ముహూర్తం తప్పిపోతే సిద్ధాంతిగారు ముందుకు వెతుకుతారు. దీనికి వెనక్కి వెతకాలి.

"ఏ రోజు పెట్టమంటావు బావా?"

"2017 సంక్రాంతి పెట్టు. ఆ ఏడు అరిసెలు బాగా కుదిరాయి."

నెల, తేదీ, గంట, నిమిషం, సంవత్సరం వరుసగా 0114100017 అని కొట్టాడు. నెట్ తీసేశాం. లేకపోతే అసలు తేదీ కనుక్కుని మా గుట్టు రట్టు చేస్తుంది. ఆ దొంగ సంక్రాంతి నాడు మ్యాక్ బుద్ధిగా ఎక్కించుకుంది. చివర్లో 'ఇంకా ఒక నిమిషం' అంటూ చాలాసేపు బిగుసుకుంది. ఆ ఒక్క నిమిషంలో మా ఆవిడ పప్పు ఉడికించి, పోపు పెట్టి, భోజనానికి పిలిచి పిలిచి విసుక్కుంది.

నెట్ కలపగానే ఇవాళ్టికి వచ్చేసింది. సఫారీ తెరిస్తే చాలా సైట్లు నమ్మదగినవి కావంటోంది. అవి ఆధారపడ్డ పాత మూల ధ్రువపత్రం 2021 సెప్టెంబరు 30న గతించింది. దాని వారసుడెవరో ఎల్ క్యాపిటన్‌కు తెలియదు.

"మళ్లీ సంక్రాంతికి పోదామా?" అన్నాన్నేను.

"అక్కడికెళ్తే ఇప్పటి సైట్ల పత్రాలు పుట్టనే పుట్టవు. కాటలీనా ఎక్కిద్దాం, ఈ మోడల్‌కు యాపిల్ ఇచ్చిన ఆఖరిది అదే. ఆ పైన ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్ ఉంది, ఇంకా కొత్తవీ ఎక్కుతాయి..." వాడి కళ్లు మెరుస్తున్నాయి.

"ఒరేయ్, నాలుగు వ్యాసాలు టైప్ చేసుకుంటానని కొన్నాన్రా!"

వాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "దీనిమీద పని కూడా చేద్దామనుకున్నావా బావా?"