అన్నీ కంప్యూటర్లో ఉన్నాయండీ!

సుచిత్ర దాటి మేడ్చల్ వైపు వెళ్లినా, అల్వాల్ దాటి శామీర్‌పేట దారి పట్టినా, హోర్డింగుల మీద ఆస్పత్రులు మనల్ని చూసి నవ్వుతూనే ఉంటాయి. క్యాష్‌లెస్ ఎప్పుడో పాతబడింది. ఇప్పుడు గొప్పంతా పేపర్‌లెస్‌ది. నమ్మాల్సిందే. కాగితాలన్నీ పేషెంటు భార్య చంకలోని ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి కాబట్టి, ఆస్పత్రి దగ్గర కాగితం ఉండే అవకాశమే లేదు.

ఆపరేషన్‌కు డేటు ఇచ్చాక ఆ కవరు కౌంటరెక్కుతుంది. పదేళ్ల చీటీలు, వెలిసిపోయిన ఈసీజీ, మడతల దగ్గర చిరిగిన ల్యాబ్ రిపోర్టులు అన్నీ స్కానర్ కిందికి వెళ్లి, ఒకే పీడీఎఫ్‌గా బయటికొస్తాయి. మనిషి చరిత్ర డిజిటల్ అయిపోయింది! రేపు మత్తు డాక్టరు 'ఈయన రక్తం పలచబడే గోలీ వేసుకుంటున్నాడా?' అని వెతికితే, కంప్యూటర్ నలభై పేజీలు ముందు పడేసి తప్పుకుంటుంది. ఏడో పేజీలో, అడ్డంగా తిరిగిన చీటీలో, క్లోపిడోగ్రెల్ ఉంది. ఆ చేతిరాత చదవడం కంప్యూటర్‌కు రాదు. ఆ మాటకొస్తే మందుల షాపతనికి తప్ప ఇంకెవరికీ రాదు.

ఫొటో తీస్తే సమాచారం అయిపోదండీ, నింపడానికి గళ్లుండాలి అంటారు తెలిసినవాళ్లు. గళ్లూ ఉన్నాయి. మత్తు ఇచ్చే ముందు చేసే పరీక్షకు, అదే పీఏసీకి, నిండైన ఫారం ఉంది. తెరవగానే సగం పని అయిపోయి ఉంటుంది కూడా. అలర్జీ: లేదు. పాత ఆపరేషన్లు: లేవు. పొగాకు: లేదు. ఊపిరితిత్తులు: నార్మల్. టిక్కులన్నీ ముందే పడి ఉంటాయి. మార్చాలంటే నాలుగు క్లిక్కులు, వదిలేస్తే ఒక్కటీ అక్కర్లేదు. అందుకే ఆ స్క్రీన్లను నమ్మితే మేడ్చల్ మండలంలో మందు పడని మనిషే లేడు, బీడీ కాల్చినవాడు అసలే లేడు. కాపీ పేస్టు పుణ్యమా అని, షుగరుతో కాలు తీసేసిన మనిషికి కూడా రెండు పాదాల్లో నాడి చక్కగా అందుతుంది.

ఇక ఆపరేషన్ రోజు పొద్దున్న, థియేటర్ బయట జరిగే మాటలు ఇలా ఉంటాయి.

"ఏమైనా మందులు పడవా అమ్మా మీ ఆయనకి?"

"చెప్పిన గద సారూ. అప్పుడు ఆర్‌ఎంపీ సూది ఇస్తే ఒళ్లంత దద్దుర్లొచ్చినయ్. మొఖమంత ఉబ్బింది."

"ఏం సూది?"

"ఏమో సారూ. తెల్ల పొడి నీళ్లల్ల కలిపి ఇచ్చిండు."

డాక్టరు ఆగిపోతాడు. పొడి కలిపి ఇచ్చిందంటే యాంటీబయాటిక్ అయ్యుండొచ్చు. కోత పెట్టే ముందు ఇవ్వబోయేదీ యాంటీబయాటిక్ సూదే. పక్కన స్క్రీన్ మీద మాత్రం 'అలర్జీ: లేదు' అని పచ్చగా, నిశ్చింతగా వెలుగుతూ ఉంటుంది.

ఇదంతా ఎక్కడ? జీనోమ్ వ్యాలీ పక్కన. తుర్కపల్లిలో కోవాగ్జిన్ తయారుచేసిన కంపెనీ ఉంది. ప్రతి సీసా మీదా బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ ఉంటాయి. అదే ఊరి మనిషికి ఏ సూది పడదో రాసి ఉన్న చోటు మాత్రం ఆయన భార్య జ్ఞాపకం ఒక్కటే. ఇటు మేడ్చల్ రోడ్డు పక్కన దేవరయాంజాల్‌లో 108 వాళ్ల ప్రాంగణం ఉంది. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ సర్వీసుకు ఫోన్ చేసి చూడండి. మీరు ఎంత ఏడుస్తున్నా అవతలి వాళ్లు ఏం జరిగింది, ఎక్కడ, ఎంతమందికి అని వరసగా అడిగే రాసుకుంటారు. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఫోన్లో అడగగలిగిన ప్రశ్నలు, డేటు ఇచ్చి పిలిపించుకున్న మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి అడగలేమా?

ప్రమాణాల్లేక కాదు. వైద్య రికార్డులకు కేంద్రం 2013లోనే ప్రమాణాలు ఇచ్చింది, 2016లో సవరించింది. 2021 సెప్టెంబర్ 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటికీ వచ్చింది. మనకు 14 అంకెల ఆభా నంబరు దక్కింది. కౌంటర్ దగ్గర క్యూఆర్ కొడితే ఓపీ టోకెన్ చిటికెలో వస్తుంది. చరిత్ర రాదు, టోకెనే వస్తుంది. ఆ మిషన్ నిబంధనల్లో పాత కాగితాల్ని స్కాన్ చేసి ఉన్నదున్నట్టు దాచుకోవడానికి కూడా ఒక పద్ధతి పెట్టారు. అవసరమే. కానీ పాత సామాను కోసం కట్టిన అటకెక్కి మనం కాపురమే పెట్టేశాం.

అయితే గళ్లు పెంచుదామా? అదింకో పిచ్చి. వైద్యపదాలకు కోడ్లిచ్చే స్నోమెడ్‌లో మూడున్నర లక్షలకు పైగా భావనలున్నాయి. అన్నీ నింపమంటే ఓపీలో డాక్టరు ముఖం మనకు కనబడదు, మానిటర్ వీపే కనబడుతుంది. నూరు గళ్లిచ్చి నింపమంటే, తొంభై తొమ్మిది ఆ ముందే పడ్డ టిక్కులే నింపుతాయి.

గడి అంటే ఎలా ఉండాలో మనవాడే చూపించాడు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్లిన మత్తు డాక్టరు మల్లంపాటి శేషగిరిరావు 1985లో ఒక పద్ధతి చెప్పారు. పేషెంటును కూర్చోబెట్టి నోరు బాగా తెరిచి నాలుక చాపమనాలి. లోపల కొండనాలుక, అంగిలి ఎంత కనిపిస్తే దాన్నిబట్టి ఒక అంకె. మొదట మూడు తరగతులు, తర్వాత వేరేవాళ్లు నాలుగు చేశారు. గొంతులో గొట్టం వేయడం కష్టమవుతుందేమో ఆ అంకె ముందే హెచ్చరిస్తుంది. మల్లంపాటి నాలుగు అంటే బోస్టన్‌లోనూ శామీర్‌పేటలోనూ అర్థం ఒకటే. దీనికి సర్వర్ అక్కర్లేదు, టార్చిలైటు చాలు. మన ఘనమైన సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకె ఉండాల్సిన చోట 'నార్మల్' అని రాసి ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన సర్జరీ చెక్‌లిస్టులో 19 అంశాలే. అలర్జీ ఉందా అన్నది అందులో ఒకటి. ఎనిమిది నగరాల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయని 2009లో తేలింది. అది ఒక్క కాగితం. పనిచేసింది కాగితమూ కాదు, నోరు తెరిచి అడగడం.

కాబట్టి పేపర్‌లెస్ మహాశయులకు విన్నపం చిన్నదే. రక్తం పలచన చేసే మందులు, పడని మందులు, పాత ఆపరేషన్లో మత్తుతో వచ్చిన ఇబ్బంది, మల్లంపాటి అంకె, షుగరూ బీపీ గోలీ చివరిసారి ఎప్పుడు వేసుకున్నాడు: ఈ ఐదింటినీ పీడీఎఫ్‌లోంచి బయటికి లాగి గళ్లలో పెట్టండి. ఎవరు అడిగారో, ఎప్పుడు అడిగారో పక్కనే ఉండాలి. ముందే పడ్డ టిక్కులు తీసేయండి. 'ఉంది', 'లేదు'తో పాటు మూడోది పెట్టండి: 'అడగలేదు'.

ఈ మూడోదానికి సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు ఒప్పుకోరు. తనిఖీకి వచ్చినవాళ్ల కంట్లో అది పడితే ఆస్పత్రి పరువేం కానని వాళ్ల బెంగ. పరువు సంగతి వాళ్లు చూసుకుంటారు. 'అడగలేదు' అని కనిపించిన చోట ఎవరో ఒకరు అడుగుతారు. 'లేదు' అని కనిపించిన చోట ఎవరూ అడగరు.