మా వరికి పానకం

లెక్కల్లో నేను మరీ మొద్దును కాను. రిటైరయ్యేదాకా బ్యాంకులో వడ్డీలు కట్టినవాణ్ణే. అయినా తెనాలి దగ్గర మా ఎకరం మాగాణిని కౌలు మాన్పించి సొంతంగా వరి పెట్టిన ఏడు, వేయాల్సిన లెక్క ఒక్కటీ వేయలేదు.

అప్పట్లో నా బుర్ర నిండా ప్రకృతి వ్యవసాయం బోధించే సుభాష్ పాలేకరే. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ రోజుల్లోనే ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ పెట్టుబడి లేని ప్రకృతి వ్యవసాయాన్ని ఊరూరా తిప్పుతోంది. నేనూ జీవామృతం కలపడానికి ఒక డ్రమ్ము కొన్నాను. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. రెండు రోజులు నీడలో ఉంచి కర్రతో కుడివైపుకే తిప్పాలన్నారు. ఎందుకని అడిగితే పుణ్యం తగ్గుతుందేమోనని అడగలేదు. పెళ్లి భోజనాల్లో సైతం యూరియా విషమని పక్కవాళ్లకి బోధించేవాణ్ణి.

నాట్లేసిన నెలకి చేను ఎర్రబడింది. పక్కచేను బాబాయి గట్టున నిలబడి, "ఒరే అబ్బాయ్, తోడు బాగానే వేశావు గానీ, పాలేవిరా?" అన్నాడు. అర్థమైనట్టు నవ్వాను.

రాత్రి కాగితం తీసుకుంటే అర్థమైంది. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. ఎకరం వరికి అలాంటివి రెండు బస్తాలు అటూ ఇటూగా కావాలి. నా డ్రమ్ములో? పచ్చిపేడలో అర శాతం ఉంటే గొప్ప. మూత్రం, పిండి కలుపుకున్నా మొత్తం పావు కిలో దాటదు. పదిహేను రోజులకోసారి కోతలదాకా పోసినా రెండు కిలోలే. జీవామృతం ఎరువు కాదనీ, నేలలోని సూక్ష్మజీవుల్ని లేపేదనీ పాలేకరే చెప్పాడు. నేలకు ఆచ్ఛాదన కప్పమనీ చెప్పాడు. అదీ నాకు తెలుసు. కానీ డ్రమ్ము తిప్పడంలో ఉన్న సరదా చెత్త పరచడంలో ఏముంది? గడ్డి మొత్తం అమ్మేశాను. పోనీ పశువుల ఎరువంటే, ఒక్క యూరియా బస్తాకి సరితూగాలన్నా నాలుగు టన్నులు తోలాలి. అదీ మొదటి పంటకే అంతా అందదు. నాకున్నది ఆవు కూడా కాదు, ఆవున్న స్నేహితుడు.

యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. ఒక్కో డ్రమ్ముకి నా బెల్లం, శనగపిండి ఖర్చు అంతకన్నా ఎక్కువే తేలింది. పెట్టుబడి లేని వ్యవసాయం మరి!

ఇంతవరకూ అమాయకత్వమని సర్దుకోవచ్చు. తర్వాత చేసిన పనికి ఆ పేరు చెల్లదు. రెండు బస్తాలు తెప్పించి, ఊరు లేవకముందే, విడతలు గిడతలు లేకుండా ఒక్కసారే చల్లేశాను. వారం తిరిగేసరికి చేను నల్లగా నిగనిగలాడింది. చూడ్డానికి వచ్చిన ప్రతివాడికీ డ్రమ్ము చూపించాను. నత్రజని ఎక్కువైన పైరంటే సుడిదోమకి ప్రాణం. అది వచ్చి చేలో సుడులు సుడులుగా మాడ్చేస్తే, ఆ నేరం ముసురు మీదకి తోశాను.

ఇప్పుడు తొలకరికి జీలుగ చల్లి, పూతకొచ్చే వేళకి కలియదున్నుతున్నాను. దాని వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి పెడుతుంది. గడ్డి అమ్మడం లేదు. యూరియా తగ్గించి, పట్టపగలే, విడతలుగా వేస్తున్నాను. డ్రమ్మూ ఉంది, తోడు మేరకు.

బాబాయి దగ్గర అన్నీ ఒప్పుకున్నాను. చేను చూసిపోయినవాళ్లకి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. వాళ్లలో ఒకాయన మొన్న ఫోన్ చేశాడు. "మీ పద్ధతే పట్టానండీ. పైరు పాలిపోతోంది, ఏం చేయమంటారు?"

చెబుదామనే గొంతు సవరించుకున్నాను. "బెల్లం కాస్త పెంచి చూడండి" అన్నాను.