ప్రొఫార్మాలో ఒక గడి తక్కువైంది

ఆన్‌లైన్ చదువుల ప్రొఫార్మాలు తయారుచేసే పెద్దసారు గారికి,

కాగజ్‌నగర్ నుంచి ఒక సర్కారు బడి పంతులు నమస్కరించి రాసుకునే విన్నపం.

విషయం: ప్రొఫార్మాలో ఒక గడి పెంచుట గురించి.

అయ్యా,

2020 సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు మొదలైన దగ్గర్నుంచి నేను నింపిన గడులకు లెక్కలేదు. ఇంట్లో టీవీ ఉందా? ఉంది. ఫోను? ఉంది, పొద్దున్నే నాయినతోపాటు పనికి పోతుంది. సిగ్నల్? చింతచెట్టు కిందికి పోతే ఉంది. పాఠం చూశాడా? చూశాడు. అన్నిటికీ టిక్కు పెట్టి పంపాను. మీరూ సంతోషించారు, నేనూ బతికిపోయాను.

ఒక్కటే చిక్కు. చూసినవాడికి పాఠం రాలేదు.

సంగతేందో చూద్దామని ఒకరింటికి పోయాను. పదో తరగతి పిల్లగాడు టీవీ ముందు బుద్ధిగా కూర్చున్నాడు. తెర మీద త్రికోణమితి నడుస్తోంది. వాడి చెవులు మాత్రం వంటింట్లో ఉన్నాయి. కిరాణా కొట్టు ఉద్దెర ఎట్లా తీర్చాలని అమ్మానాయినలు అక్కడ గుసగుసలాడుకుంటున్నారు. మీ లెక్కలో వాడు హాజరు.

ఆ గుసగుసలు వాడికి కొత్త కాదు సార్. 2014 సెప్టెంబరులో మా ఊరి సిర్పూర్ పేపర్ మిల్లు ఆగినప్పుడు వాడు నాలుగో తరగతి. జీతం రాని ఇంట్లో పెద్దవాళ్లు ఎట్లా గొంతు తగ్గిస్తారో అప్పుడే విన్నాడు. 2018 ఆగస్టులో మిల్లు మళ్లీ తెరిచారు. ఊరు ఊపిరి పీల్చుకుని రెండేళ్లయినా కాకముందే లాక్‌డౌన్ వచ్చిపడింది. పాత భయం లేచి కూర్చుంది.

అప్పటికప్పుడు లెక్క చేసుకోవడానికి మెదడు వాడే జ్ఞాపకం మా చిన్నప్పటి పలకంత. దిగులు ముందే దానిమీద రాసేసుకుంటే త్రికోణానికి చోటెక్కడ? ఉద్వేగాన్ని పక్కకు నెట్టి చదువు సాగదని ఇమ్మార్డినో-యాంగ్, డమాజియో అనే పరిశోధకులు 2007లోనే వివరంగా రాశారు.

బడిలోనైతే బోర్డు మీంచి ఇటు తిరగ్గానే ఏ మొహం వాడిందో నాకు తెలుస్తుంది. ఓ పరాచికం, భుజం మీద చెయ్యి, గోండీలోనో మరాఠీలోనో ఇంటి మాట ఒకటి. పలక తుడవడానికి అంతకన్నా పెద్ద విద్యేం అక్కర్లేదు. టీవీలో సారు నాకంటే బాగా చెబుతాడు, ఒప్పుకుంటాను. పాపం, ఆయనకు పిల్లలు కనపడరు.

2021లో పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. అందరితోపాటు మావాడూ పాసయ్యాడు. ఇంటర్‌లో చేరాక ఓసారి కలిసి, “త్రికోణమితి టీవీల చెప్పిన్రా సార్?” అని అడిగాడు. చెప్పారు. వాడు దాని ముందు కూర్చుని ఉండగా నేనే చూశాను.

కాబట్టి అయ్యా, మళ్లీ ఎప్పుడైనా బడిని తెర మీదికి ఎక్కించాల్సి వస్తే మొదటి గడిలో ఇది అచ్చు వేయించండి: “పిల్ల మనసు ఎట్లుంది?” దానికి అవును, కాదు అని పెట్టకండి. వారానికోసారి ఒక్కో పిల్లతో పది నిమిషాలు పాఠం కాని ముచ్చట పెట్టడం మా డ్యూటీలో వేయండి. ఆ టైము కోసం చింతచెట్టు గడి కొట్టేసినా మాకు అభ్యంతరం లేదు.

గడి పెరిగితే కాగితం ఖర్చు అంటారేమో. కొత్తపేట అనే పాత పేరు పోయి కాగితం పేరే ఊరి పేరైన చోటు మాది. కాగితం మేం పంపుతాం, గడి మీరు గీయండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక గడులు నింపే పంతులు,
కాగజ్‌నగర్.